బడి మాన్పిస్తే బెదిరింపు ఆగుతుందా?

ప్రశ్న: మాది జగిత్యాల దగ్గర పల్లె. మా ఆయన దుబాయిలో పని చేస్తారు. పాప తొమ్మిదో తరగతి. పోయిన ఎండాకాలం శారీ ఫంక్షన్ ఘనంగా చేశాం. ఫొటోలు నేను ఫేస్‌బుక్‌లో పెట్టాను, వీడియో ఫొటోగ్రాఫర్ యూట్యూబ్‌లో పెట్టాడు. అందులోంచి పాప ముఖం తీసుకుని ఎవడో అసభ్యంగా మార్ఫింగ్ చేసి ఇన్‌స్టాగ్రామ్‌లో పాపకే పంపాడు. డబ్బులు ఇవ్వకపోతే చుట్టాలందరికీ పంపిస్తానన్నాడు. అది భయపడి నా ఫోన్‌పే నుంచి రెండు వేలు కొట్టింది. బ్యాంకు మెసేజ్ చూసి నిలదీస్తే అప్పుడు చెప్పింది. కోపం ఆపుకోలేక కొట్టాను. వాడు ఇప్పుడు ఐదు వేలు అడుగుతున్నాడు. మా బావగారు ఫోన్ గుంజుకుని, "అన్నీ డిలీట్ చేసి ఊరుకోండి, ఠాణాకు పోతే రేపు పిల్లకు సంబంధాలు రావు, బడి మాన్పించు" అంటున్నారు. పాప అన్నం సరిగా తినడం లేదు. ఏం చేయాలి?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, తప్పు చేసిన వాడు ఎక్కడో హాయిగా ఉన్నాడు. శిక్ష మాత్రం మీ ఇంట్లో పాపకు పడింది. దెబ్బలు తిన్నది ఆమే, ఫోన్ పోయింది ఆమెదే, రేపు బడి పోయేదీ ఆమెకే. ముందు దీన్ని సరిచేయండి. ఈ రాత్రే పక్కన కూర్చోబెట్టుకుని "నీ తప్పేం లేదు బిడ్డా, కొట్టడం నాదే తప్పు" అని చెప్పండి. ఏదో ఊరడించడానికి చెప్పమనడం లేదు. ఇలాంటి వాళ్ల ధైర్యమంతా ఒక్కదాని మీదే నిలబడి ఉంటుంది: ఈ పిల్ల ఇంట్లో చెప్పదు, చెప్పినా దాన్నే తిడతారు. మీ ఇంట్లో జరిగింది చూస్తే వాడి లెక్కే నిజమైంది. రేపు ఇంకో మెసేజ్ వస్తే పాప మీ దగ్గరికి ఎందుకు వస్తుంది?

అన్నం మానేసిందన్న మాటను తేలిగ్గా తీసుకోకండి. కొన్నాళ్లు రాత్రిళ్లు ఒంటరిగా పడుకోనివ్వద్దు. "నేను లేకుంటేనే మంచిది" లాంటి మాట ఒక్కటి వచ్చినా మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. ఏ వేళకైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బులేమీ కట్టక్కర్లేదు.

ఐదు వేలు ఇవ్వకండి. రెండు వేలు ముట్టినాకే కదా ఐదు వేలకు ఎక్కాడు! ఆ రెండు వేలు ఏ ఖాతాకు వెళ్లాయో ఫోన్‌పే హిస్టరీలో ఉంటుంది, పక్కనే యూటీఆర్ నంబర్, అంటే ఆ చెల్లింపు గుర్తింపు నంబర్, కూడా ఉంటుంది. అది చేతిలో పెట్టుకుని సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెబితే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

బావగారి మాటల్లో నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది "డిలీట్ చేయండి" అన్నది. దయచేసి ఒక్క మెసేజ్ కూడా తీసేయకండి, ఫోన్ రీసెట్ చేయించకండి. వాడి ప్రొఫైల్ తెరిచి పైన కనిపించే యూజర్‌నేమ్, బెదిరించిన మాటలు, తేదీ, టైమ్ కనపడేలా స్క్రీన్‌షాట్లు తీసుకోండి. ప్రొఫైల్ లింక్ కాపీ చేసి పెట్టుకోండి, ఎందుకంటే యూజర్‌నేమ్ వాడు ఎప్పుడైనా మార్చుకోగలడు. ఆ తర్వాతే బ్లాక్ చేయండి. మార్ఫింగ్ చేసిన ఫొటోను మాత్రం ఎవరికీ ఫార్వర్డ్ చేయొద్దు. "ఇది చూసి ఏం చేయాలో చెప్పు" అని తమ్ముడికో మరిదికో పంపినా అది కూడా నేరం కిందికే రావచ్చు. ఫోన్‌లో ఉన్నది ఉన్నట్టే పోలీసులకు చూపించండి.

ఠాణా భయం నాకు అర్థమవుతుంది. మన దగ్గర ఆడపిల్ల పేరు ఠాణా రికార్డుకు ఎక్కిందంటే ఊరంతా ఒక మాట అంటుందని ఎవరైనా జంకుతారు. కానీ ఈ జంకు తెలిసే చట్టం రాశారు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పాప వాంగ్మూలం ఇంట్లోనే లేదా ఆమెకు నచ్చిన చోట తీసుకోవాలి. వీలైనంత వరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, అదీ యూనిఫాం లేకుండా రావాలి. పాప పేరు, బడి, ఊరు పత్రికలోనో టీవీలోనో బయటపెట్టిన వాళ్లకు శిక్ష ఉంది. "అది నిజం ఫొటో కాదు కదా, కేసెట్లా అవుతుంది" అనుకోకండి. కల్పించిన బొమ్మతో బెదిరించినా నేరమేనని ఆ చట్టంలోనే ఉంది, మూడేళ్ల వరకు జైలు పడవచ్చు. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళలు, పిల్లల ఫిర్యాదులకు వేరే విభాగం ఉంది, ఇంట్లో కూర్చునే నమోదు చేయవచ్చు. ఒంటరిగా పోవడానికి ధైర్యం చాలకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ మహిళల హెల్ప్‌లైన్ 181కి గానీ చెప్పండి. జిల్లా కేంద్రంలో కష్టాల్లో ఉన్న ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రం వాళ్లు తోడుంటారు.

ఇంకో పని పాపతో కలిసి చేయండి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల ఫొటోల కోసం 'టేక్ ఇట్ డౌన్' అని ఉచిత సేవ ఉంది. అందులో ఫొటో మీ ఫోన్ దాటి వెళ్లదు. దాని గుర్తు ఒకటి, వేలిముద్ర లాంటిది, తయారై ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ వంటి సంస్థలకు చేరుతుంది. ఆ ఫొటోను ఎవరైనా అక్కడ పెడితే వాళ్లు గుర్తుపట్టి తీసేయగలుగుతారు. వాట్సాప్‌లో ఒకరికొకరు పంపుకునేదాన్ని మాత్రం ఇది ఆపలేదు.

మీకు నచ్చని మాట ఒకటి చెప్పక తప్పదు. ఇంట్లో అందరూ పాప ఫోన్‌నే తిడుతున్నారు, కానీ ఆ ఫొటో బయటికి వెళ్లింది పాప ఫోన్ నుంచి కాదు. ఈ రోజుల్లో శారీ ఫంక్షన్ అంటే డ్రోన్ ఎగరాలి, చౌరస్తాలో ఫ్లెక్సీ పడాలి, యూట్యూబ్‌లో పాటతో వీడియో రావాలి. పద్నాలుగేళ్ల పిల్ల పెద్దమనిషి అయిందని ఊరికీ లోకానికీ చెప్పే ముందు "ఇది పెట్టనా బిడ్డా" అని ఆమెను అడిగే వాళ్లే ఉండరు. బాలల హక్కుల ఒడంబడికకు మన దేశం 1992లోనే ఒప్పుకుంది. పిల్లల గోప్యత కూడా అందులో ఒక హక్కు. ఇంటర్నెట్‌లోనూ అది అంతే వర్తిస్తుందని ఐక్యరాజ్యసమితి కమిటీ 2021లో విడమరిచి చెప్పింది. మీరు ఫొటో పెట్టినందువల్లే నేరం జరిగిందని నేననడం లేదు, నేరం చేసింది వాడే. అయితే ఫేస్‌బుక్‌లో ఆ ఆల్బమ్ ఇంకా అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. ఇవాళే తీసేయండి. ఫొటోగ్రాఫర్‌కు ఫోన్ చేసి వీడియో తొలగించమనండి. ఇంకా ఎవరెవరి స్టేటస్‌లలో, గ్రూపుల్లో ఏమున్నాయో పాపనే అడగండి, మీకన్నా ఆమెకే బాగా తెలుసు.

బావగారితో మీరొక్కరే వాదనకు దిగకండి. ముందు మీ ఆయనకు వీడియో కాల్‌లో మొత్తం చెప్పండి, అన్నతో ఆయన్నే మాట్లాడనివ్వండి. "బడి మాన్పిస్తే వాడి దగ్గరున్న ఫొటో పోతుందా అన్నా?" అని అడిగితే చాలు. నిజానికి బడి మానేసిన పిల్ల గురించే ఊళ్లో వంద ప్రశ్నలు లేస్తాయి. తొమ్మిదో తరగతి మధ్యలో ఆగిందంటే ఆ తర్వాత వచ్చే మాట పెళ్లే. అక్కడిదాకా పోనివ్వకండి.

వాడు తొందరగా దొరక్కపోవచ్చు, ఖాతా ఏ రాష్ట్రంలో ఎవరి పేరున తీసిందో తేలడానికి టైమ్ పడుతుంది. కేసు ఎంతవరకు వచ్చిందో పాపకు కూడా చెబుతూ ఉండండి. ఫోన్ తిరిగి ఇచ్చేటప్పుడు అకౌంట్ ప్రైవేట్‌లో పెట్టడం, తెలియని వాళ్ల మెసేజ్‌లు ఆపేయడం ఇద్దరూ కూర్చుని చేసుకోండి. ఆమెకు తెలియకుండా ఫోన్ వెతికే పని మాత్రం పెట్టుకోవద్దు. సోమవారం బడికి పంపండి. పాపకు ఇష్టమైన టీచర్ ఒకరు ఉంటారు కదా, పాప సరేనంటే ఆవిడ ఒక్కరికే విషయం చెప్పి ఉంచండి.