మట్టికి స్కిప్ తెప్పించే ముందు

చిరంజీవి శ్రీనుకు,

మీ అత్తయ్య నీ ఫోన్ సంగతి చెప్పింది. పెరట్లో పాత గోడ పడగొట్టి, నేల తవ్విస్తున్నావట. ఆ మట్టి, రాళ్ళు తీసుకెళ్ళడానికి దొరికినవాటిలోకెల్లా పెద్ద స్కిప్ (అదే, నింపాక లారీ వచ్చి ఎత్తుకుపోయే ఇనప తొట్టి) మాట్లాడదామనుకుంటున్నావట. అది విని ఆగలేక రాస్తున్నాను. పెద్దది వద్దురా.

నేను చేసిన పొరపాటు అదే. ఇల్లు బాగుచేయించేటప్పుడు, పెద్ద తొట్టి అయితే రెండోసారి పిలిచే పని ఉండదు కదా అనుకున్నాను. మూడు రోజులు నింపాం. అంచులు దాటి గోపురంలా పేర్చాం. ఆ రాత్రి వాన కూడా పడింది. పొద్దున్నే లారీ వచ్చింది. డ్రైవరు గొలుసులు తగిలించి మీట లాగాడు. తొట్టి కదల్లేదు గానీ లారీ ముందు చక్రాలు జానెడు పైకి లేచాయి. ఆయన దించేసి, దిగివచ్చి, ఒక్క మాట కూడా అనకుండా గోడకి ఆనించి ఉన్న పార తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఎత్తిపోసిన మట్టినే మళ్ళీ దించుకున్నాను. ఆ రోజు నడుం నొప్పి పట్టింది సరే, ఖాళీగా తిరిగిన లారీకి కూడా డబ్బు కట్టాల్సి వచ్చింది.

మనం తొట్టిలో ఎంత పడుతుందో చూస్తాం. లారీవాడు ఎంత బరువుందో చూస్తాడు. ఇంట్లో 14 లీటర్ల బకెట్ ఉంటే మట్టితో నింపి ఎత్తి చూడు, దాదాపు 18 కిలోలుంటుంది. తడిస్తే ఇంకా ఎక్కువ. అలాంటి మట్టి ఒక ఘనపు మీటరు అంటే సుమారు 1.3 టన్నులు, ఒక మామూలు కారంత బరువు. 6 గజాల స్కిప్‌లో (యార్డులు అంటారు, అసలు అవి ఘనపు గజాలు) దగ్గర దగ్గర 4.6 ఘనపు మీటర్లు పడుతుంది. అంటే 6 టన్నులు! అందుకే 10, 12 గజాల పెద్ద స్కిప్‌లను చెక్క, పాత ఫర్నిచర్ లాంటి తేలిక సామానుకే ఇస్తారు. మట్టికి, సిమెంట్ పెళ్ళలకి మామూలుగా 8 గజాలదే ఆఖరు. ఫోన్లో "ఎన్ని గజాలది?" అని మాత్రమే అడిగి ఊరుకోకు. "మట్టి వేస్తాను, ఎన్ని టన్నుల దాకా ఒప్పుకుంటారు?" అని అడుగు.

ఇంకో సంగతి. తవ్వాక మట్టి పొంగుతుంది. నువ్వు 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, అర మీటరు లోతు తవ్వితే లెక్కకి 6 ఘనపు మీటర్లే. కానీ గుల్లబారి పైకి వచ్చేసరికి అది ఏడున్నర దాకా అవుతుంది. ఒక తొట్టి అనుకున్నది రెండవుతుంది. చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

అసలు అంతా పంపాలా అనేది కూడా ఆలోచించు. పైన జానెడు లోతు నల్లమట్టి ఉంటుంది చూడు, అది బంగారం. దాన్ని పక్కన కుప్ప పోసి మొక్కలకి వాడుకో. ఇటుకల్లో బాగున్నవి ఏరి పెట్టుకో. పక్కింటివాళ్ళు ఎవరైనా పల్లం పూడ్చుకుంటుంటే అడుగు, సంతోషంగా పట్టుకెళ్తారు.

మిగిలినదాన్ని మాత్రం కలగలపకు. శుభ్రమైన మట్టి పల్లాలు పూడ్చడానికి వెళ్తుంది. సిమెంట్ పెళ్ళల్ని పిండి కొట్టి రోడ్ల కింద పరుస్తారు. అందులో నాలుగు జిప్సం బోర్డు ముక్కలు పడ్డాయంటే లోడంతా పాడైనట్టే. జిప్సం చెత్తలో కలిసి కుళ్ళితే కుళ్ళిన గుడ్ల వాసన వేసే విషవాయువు పుడుతుంది. అందుకే దాన్ని విడిగా తీసుకుంటారు. బ్యాటరీలు, టైర్లు, పెయింట్ డబ్బాలు కూడా వేయకూడదు. పాత ఆస్బెస్టాస్ రేకు కనిపిస్తే ముట్టుకోకు, పగలగొట్టకు. దాని సంగతి వేరుగా మాట్లాడాలి. తవ్వేచోట మట్టికి నూనె వాసన వస్తే అది కూడా ముందే చెప్పు.

తొట్టి ఎక్కడ దించాలో లారీ వచ్చాక ఆలోచించేది కాదు. నిండాక దాన్ని అంగుళం కూడా జరపలేవు. పైన కరెంటు తీగలు ఉండకూడదు, కింద డ్రైనేజీ మూత ఉండకూడదు. రాళ్ళు పరిచిన వాకిలైతే కింద మందపాటి చెక్కలు వేయించు. రోడ్డు మీద పెట్టాల్సి వస్తే చాలా చోట్ల అనుమతి తీసుకోవాలి, రాత్రిపూట దీపాలు పెట్టాలి. ఒక పక్క తలుపు దిగే రకం ఉందా అని అడుగు. ఉంటే చక్రాల బండితో నేరుగా లోపలికి వెళ్ళి వెనకనుంచి పోసుకుంటూ రావచ్చు. లేకపోతే ప్రతి తట్టా ఛాతీ ఎత్తుకి లేపాలి, నీ పనివాళ్ళు నిన్ను తిట్టుకుంటారు.

అంచు వరకే నింపు. సాయంత్రం కాగానే టార్పాలిన్ కప్పెయ్యి. వానకోసమే కాదు, తెల్లారేసరికి ఎవరిదో పాత పరుపు మన తొట్టిలో ప్రత్యక్షమవుతుంది. నాకు ఒకసారి విరిగిన కమోడ్ వచ్చింది, ఎవరిదో ఈనాటికీ తెలియదు.

"సగం డబ్బుకే ఎత్తేస్తాం" అంటూ చిన్న ట్రక్కుతో వచ్చేవాళ్ళూ ఉంటారు. వాళ్ళు దాన్ని ఏ చెరువుగట్టునో పోసి పోతే, అందులో నీ పేరున్న కాగితం ఒక్కటి దొరికినా చాలు, నీ తలుపే కొడతారు. ఎక్కడికి తీసుకెళ్తున్నారో అడిగి, రసీదు తీసుకుని దాచుకో.

ఫోన్ చేసేముందు టేపుతో ఆ గోతి పొడవు, వెడల్పు, లోతు కొలిచి సాయంత్రంలోగా నాకు పంపు. ఎన్ని తొట్లు కావాలో లెక్కవేసి చెప్తాను.

మీ మామయ్య