సబ్రీనా ఐయోనెస్కూ వ్యాసం ఎక్కడ మొదలుపెట్టాలి?

అమెరికా బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి సబ్రీనా ఐయోనెస్కూపై మీ అమ్మాయి రాస్తున్న వ్యాసం అంకెల పట్టికలా తయారవుతోందని, ఎక్కడ మొదలుపెట్టాలని అడుగుతూ రాశారు. 2020 ఫిబ్రవరి 24తో మొదలుపెట్టమనండి. ఆ రోజు లాస్ ఏంజెలెస్‌లో దివంగత బాస్కెట్‌బాల్ దిగ్గజం కోబీ బ్రయంట్ సంస్మరణ సభలో ప్రసంగించిన సబ్రీనా, రాత్రికి తన ఒరెగాన్ విశ్వవిద్యాలయం తరఫున స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ జట్టుపై బరిలో దిగింది. ఒంట్లో బాగాలేకపోయినా 21 పాయింట్లు, 12 రీబౌండ్లు (గురి తప్పి తిరిగొచ్చిన బంతిని అందుకోవడం), 12 అసిస్టులు (సహచరుల బుట్టకు దారితీసిన పాస్‌లు) సాధించింది. ఆ ఆటతో, అమెరికా కళాశాల బాస్కెట్‌బాల్‌లో మొత్తం 2,000 పాయింట్లు, 1,000 రీబౌండ్లు, 1,000 అసిస్టులు మూడూ అందుకున్న తొలి వ్యక్తి ఆమే. పురుషుల్లోనూ అప్పటికి ఎవరూ లేరు.

నాకు వీటిలో అబ్బురమనిపించేది రీబౌండ్లే. పాయింట్ గార్డ్ పని బంతిని నడిపించి సహచరులకు అవకాశాలు సృష్టించడం. బుట్ట కింద బంతి కోసం పెనుగులాడేది సాధారణంగా జట్టులోని పొడగరులు. అందుకే పాయింట్ గార్డ్ అయిన ఆమె కళాశాల ఆటలో సాధించిన 26 ట్రిపుల్ డబుల్స్‌కు అంత విలువ. ఒకే ఆటలో మూడు విభాగాల్లో రెండంకెలు సాధించడమే ట్రిపుల్ డబుల్. ఆ మాట వ్యాసంలో తప్పక వివరించాలి.

జాతీయ కళాశాల టైటిల్ దక్కని సంగతి దాచవద్దు. 2019 జాతీయ టోర్నీ సెమీఫైనల్లో బేలర్ విశ్వవిద్యాలయం చేతిలో ఓడాక, వృత్తి క్రీడకు వెళ్లే వీలున్నా ఆమె మరో ఏడాది ఆగింది. తీరా 2020 టోర్నీయే కరోనాతో రద్దయింది! తర్వాత వృత్తి జట్టు న్యూయార్క్ లిబర్టీ ఆమెను డ్రాఫ్ట్‌లో (వృత్తి జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే ప్రక్రియ) మొదటగా ఎంచుకున్న విషయానికి ఒక్క వాక్యం చాలు.