సంతకానికి ముందు ఒక్క మాట

ప్రశ్న: మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. మావారు కమీషన్ ఏజెంటుగా మొదలై, పన్నెండేళ్లలో సొంతంగా రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు పెట్టి ఎగుమతులు చేస్తున్నారు. రెండో ప్లాంటు అప్పు కోసం, పెందుర్తిలో మా నాన్నగారు పసుపుకుంకుమ కింద ఇచ్చిన ఇంటి స్థలాన్ని తనఖా పెట్టి, నన్ను ష్యూరిటీ సంతకం చేయమంటున్నారు. టీచరు ఉద్యోగం చేసుకుంటూ, పిల్లలనూ అత్తగారినీ చూసుకుంటూ ఇన్నాళ్లూ ఆయనకు ఇంటి చింత లేకుండా చూశాను. ఆలోచించి చెబుతానన్నందుకు, నా మీద నమ్మకం లేదా అని ముభావంగా ఉంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీవారి మీద నమ్మకం వేరు, రొయ్యల బజారు మీద నమ్మకం వేరు. 2025 ఆగస్టు 27 నుంచి భారతీయ సరుకుల్లో చాలావాటిపై అమెరికా అదనపు సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు మన ఎగుమతిదారులు ఎంత అవస్థ పడ్డారో మీ ఇంట్లో వేరే చెప్పనక్కర లేదు. అందులో ఎవరి సామర్థ్యలోపమూ లేదు.

ష్యూరిటీ అంటే సాక్షి సంతకం వంటిదని చాలామంది భ్రమ పడతారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే విధంగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవారి బాధ్యత ఎంతో హామీదారు బాధ్యత కూడా అంతే. బాకీ మొండిపడితే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు 60 రోజుల గడువుతో నోటీసు ఇచ్చి, అప్పటికీ చెల్లించకపోతే కోర్టులో దావా వేయకుండానే తనఖా ఆస్తిని స్వాధీనం చేసుకోవచ్చు. ఆ స్థలం మీ పేరున ఉంటే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ప్రకారం దానిపై సంపూర్ణ హక్కు మీదే గనుక, కాదనే హక్కూ మీదే.

అలాగని వెంటనే కాదనమని నేను చెప్పను. బ్యాంకుకు ఇచ్చిన ప్రాజెక్టు రిపోర్టును మీవారితోనూ ఆడిటరుతోనూ కూర్చుని చదవండి. పాత బాకీలు ఎంత, కొనుగోలుదారులు ఎందరు, ఆరు నెలలు సరుకు కదలకపోతే వాయిదాలు ఎక్కడి నుంచి కడతారు అని అడగండి. ఇవే ప్రశ్నలు బ్యాంకు మేనేజరు అడిగితే నొచ్చుకోని మనిషి భార్య అడిగితే మాత్రం నొచ్చుకోవడం ఎందుకో నాకు అర్థం కాదు. లెక్కలు మీకు నచ్చితే, స్థలం తనఖా వరకే ఒప్పుకుంటాననీ, వ్యక్తిగత హామీ ఇవ్వననీ, తప్పనిసరైతే దానికి ఇంత మొత్తమని పరిమితి రాయాలనీ బ్యాంకును కోరండి. వారు అంగీకరించకపోవచ్చు, కానీ అడగడంలో తప్పు లేదు.

మీవారు కొత్తగా జీవిత బీమా తీసుకుంటే, 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద మీ పేరా, పిల్లల పేరా తీసుకోమనండి. అప్పులవారిని మోసగించే ఉద్దేశంతో తీసుకున్నది కానంతవరకు ఆ సొమ్ము ఆయన అప్పులకు జమ కాదు. పాలసీ తీసుకునేటప్పుడే ఆ మాట రాయించాలి. ఉద్యోగం మాత్రం మానకండి. ప్లాంటుకు గడ్డురోజులు వచ్చినప్పుడు మీ జీతంతో ఇల్లు గడిస్తే, ఆయన తక్కువ ధరకు సరుకు తెగనమ్ముకోకుండా నాలుగు నెలలు నిలదొక్కుకోగలుగుతారు.