టెక్ సందేహాలు: బియ్యం డబ్బాలో ఫోను, ఒకే ఇంటి నుంచి రెండు మెయిళ్లు

ఈ వారం ఒక తమాషా జరిగింది. అరగంట తేడాలో రెండు మెయిళ్లు వచ్చాయి. ఐడీలు వేరు, రాసిన తీరు వేరు, అటాచ్ చేసిన ఫొటో మాత్రం ఒకటే: బియ్యం డబ్బాలో పీకల్దాకా కూరుకుపోయిన ఫోను. మొదటిది భర్త రాసింది, రెండోది భార్య రాసింది. కొత్తగా పెళ్లయినవాళ్లు, నాలుగు రోజులు బీచ్‌కి వెళ్లొచ్చారు. ఒకరు రాసిన సంగతి ఇంకొకరికి తెలిసినట్టు లేదు. పేర్లు వద్దన్నారు కాబట్టి వేయట్లేదు. ఇద్దరికీ కలిపే జవాబు రాస్తున్నా, పక్కపక్కన కూర్చుని చదువుకోండి.

ఆయన మెయిల్ సారాంశం ఇది: "సార్, నాది ఐపీ68 ఫోను. అల తగిలి చేతిలోంచి జారింది, పది సెకన్లలో తీసేశాను. రెండు రోజులు బాగానే ఉంది. ఇప్పుడు చార్జర్ పెడితే పోర్టులో తేమ ఉందని హెచ్చరిక వస్తోంది. ఫోను బాగానే ఉన్నా మా ఆవిడ భయపడి బియ్యంలో పెట్టింది, దాని వల్లేనా?"

ఆవిడ మెయిల్లో అదే సంఘటన ఇంకోలా ఉంది: "జారడం నిజమే కానీ, అంతకుముందు నడుము లోతు నీళ్లలో నిలబడి ఫోను ముంచి ముంచి వీడియో తీశారు. వద్దంటే, దీనికి ఏమీ కాదు, ఐపీ68 అన్నారు."

ముందు బియ్యం సంగతి తేల్చేద్దాం. బియ్యం వల్ల పాడవ్వలేదు, అలాగని బాగుపడేదీ లేదు. ఫోను లోపలికి వెళ్లిన తేమని బియ్యపు గింజలేమీ బయటికి లాగవు, మామూలు గాలికి వదిలేసినా అంతే ఆరుతుంది. పైగా పోర్టులోకి పిండీ నూకా దూరుతాయి. ఐఫోన్‌ని బియ్యంలో పెట్టొద్దని ఆపిల్ తన సపోర్ట్ పేజీలోనే రాసింది. కాబట్టి అమ్మా, ఫోన్ తీసి బయట పెట్టండి. అయ్యా, నేరం మీ ఆవిడది కాదు.

అసలు సంగతి ఐపీ68 అనే ఆ మాటలో ఉంది. దుమ్మునీ నీళ్లనీ ఫోను ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పే రేటింగ్ అది. ఇందులో 6 దుమ్ముకి సంబంధించినది, 8 నీళ్లకి. 8 అంటే మీటరు కన్నా లోతులో, ఎంత లోతు ఎంతసేపు అనేది కంపెనీయే చెప్పి, ఆ మేరకు తట్టుకుంటుందని. చాలా ఫోన్లకి అది మీటరున్నర లోతు, 30 నిమిషాలు. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ ఆ పరీక్ష ల్యాబులో, కదలని మంచినీళ్లలో, డబ్బా విప్పిన కొత్త ఫోనుకి చేస్తారు. మీరు ముంచింది రెండుసార్లో మూడుసార్లో కింద పడి అంచు కొట్టుకున్న పాత ఫోనుని, అది కూడా విసురుగా వచ్చే అలలో. లోపల నీళ్లు రాకుండా అడ్డుకునేది సన్నటి జిగురు పట్టీలూ రబ్బరు రింగులూ, అవి వాడేకొద్దీ అరుగుతాయి. ఇదంతా కంపెనీ వాళ్లు చిన్న అక్షరాల్లో రాస్తారు, నీళ్ల వల్ల పాడైతే వారంటీ రాదని కూడా సాధారణంగా అక్కడే ఉంటుంది. ప్రకటనలో మాత్రం ఫోన్ మీద నీళ్లు పోస్తుంటారు.

ఇక ఉప్పు. సముద్రపు నీళ్లలో లీటరుకి దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. నీళ్లు ఆరిపోయాక ఆ ఉప్పు పోర్టులోనే, పిన్నుల మధ్య పొరలా మిగిలిపోతుంది. అది గాలిలో తేమని పీల్చుకుని మళ్లీ చెమ్మగిల్లుతుంది. పిన్నుల మధ్య కరెంటు పారకూడని చోట పారుతోందని ఫోను పసిగట్టి హెచ్చరిక ఇస్తుంది. అంటే మీ ఫోను అబద్ధం చెప్పట్లేదు, నిన్న ఆరినట్టు కనిపించింది ఇవాళ మళ్లీ తడిసింది. ఇలాంటప్పుడు హెచ్చరికని దాటేసి బలవంతంగా చార్జింగ్ పెడితే, ఉప్పునీళ్లలో కరెంటు పంపినట్టే, పిన్నులు తుప్పుపట్టడం వేగం అందుకుంటుంది. నా పాత ఫోనుతో నేనిదే చేశాను. కేబుల్ బయటికి లాగితే దాని మొనలో ఒక పిన్ను పచ్చగా, నాచు పట్టినట్టు ఉంది, దాని పక్కది అసలు లేనే లేదు. రిపేరు షాపు కుర్రాడు దాన్ని లైటు కింద తిప్పి చూసి నవ్వాడు, బీచ్ నుంచా సార్ అని.

ఆ రోజు చేయాల్సింది ఏమిటంటే, వినడానికి వింతగా ఉంటుంది, తడిసిన ఫోనుని మళ్లీ తడపాలి. కుళాయి నీళ్లని సన్నటి ధారగా వదిలి ఉప్పు పోయేలా ఫోనుని కడగాలి, ఐపీ68 ఫోన్లకి ఆపిల్, శాంసంగ్ రెండూ చెప్పేది ఇదే. ఐపీ రేటింగ్ లేని ఫోను, పగిలిన ఫోను, బయట షాపులో డిస్‌ప్లే మార్పించిన ఫోను అయితే ఈ పని చేయకండి. కడిగాక మెత్తటి బట్టతో తుడిచి, పోర్టు కిందికి ఉండేలా పట్టుకుని అరచేతి మీద నెమ్మదిగా తట్టాలి, ఆపైన గాలి ఆడే చోట పెట్టాలి. సిమ్ ట్రే పూర్తిగా ఆరేదాకా తీయొద్దు. హెయిర్ డ్రయ్యర్ వద్దు, దూది పుల్లలు వద్దు, సూది అస్సలు వద్దు.

ఇప్పుడైతే ముందు కేబుల్ మార్చి చూడండి, తేమ ఒక్కోసారి కేబుల్ మొనలో ఉంటుంది. వైర్‌లెస్ చార్జింగ్ ఉంటే ఫోను వెనక తుడిచి దాని మీద లాగించేయండి. ఒక రోజు గడిచినా హెచ్చరిక పోకపోతే టార్చి వేసి పోర్టులోకి చూడండి, పచ్చగానో తెల్లగానో ఏదైనా కనిపిస్తే సర్వీస్ సెంటర్‌లో శుభ్రం చేయించాల్సిందే. వెళ్లేముందు ఫొటోలు బ్యాకప్ తీసుకోండి, ఈలోగా పెద్దపెద్ద ప్రయోగాలు చేయకండి.

ఫొటోల దగ్గరికి వచ్చాం కాబట్టి ఆవిడ అసలు ప్రశ్న. "స్టోరేజ్ నిండిందని మావారు నా ఫోనులో 'ఒకేలా ఉన్నవి' అంటూ సూర్యాస్తమయం ఫొటోలన్నీ డిలీట్ చేశారు. నలభై దాకా ఉంటాయి. అన్నీ ఒకేలా లేవండీ. తిరిగొస్తాయా?"

అన్నీ ఒకేలా లేవు, నాకు తెలుసు. టెన్షన్ పడకండి, తొందరగా వెళ్లి ట్రాష్ చూడండి. ఐఫోన్‌లో 'రీసెంట్లీ డిలీటెడ్'లో 30 రోజులు ఉంటాయి. గూగుల్ ఫొటోస్‌లో అయితే బ్యాకప్ అయినవి 60 రోజులు, బ్యాకప్ కానివి 30 రోజులు. వెళ్లొచ్చి వారమే అన్నారు కాబట్టి మీ నలభై సూర్యాస్తమయాలు అక్కడే ఉండాలి, ఆయన ట్రాష్ కూడా ఖాళీ చేసి ఉంటే తప్ప. చేశారా అని ముందు అడగండి, గొంతు మామూలుగా పెట్టి. చేసి ఉంటే, డిలీటైన ఫొటోలు తెచ్చిపెడతామనే యాప్‌ల జోలికి పోవద్దు. ఇప్పటి ఫోన్లలో స్టోరేజ్ ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం లేనిదే చదవలేని రూపంలో ఉంటుంది, ఆ యాప్‌లు ఎక్కువగా చూపించేది పాత చిన్న సైజు బొమ్మలూ బోలెడు ప్రకటనలూ. అంతకంటే వాట్సాప్‌లో అమ్మకో అక్కకో పంపినవి వెతకండి. కుదించిన సైజులో ఉంటాయి, అయినా ఉంటాయి. ఈసారి పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపితే కుదింపు ఉండదు.

ఆవిడే ఇంకోటి అడిగారు, ఇది నాకు భలే నచ్చింది. ఇద్దరి ఫోన్లలోవీ, ఆయన పాత డిజిటల్ కెమెరాలోవీ కలిపి ఒకే ఆల్బమ్‌లో పెడితే, ఇంటికి తిరిగొచ్చిన ఫొటో మొదట, బయల్దేరిన ఫొటో చివర వస్తున్నాయట. కెమెరాలో గడియారం తప్పుగా ఉంది, అంతే. ఫోను టైమ్‌ని నెట్‌వర్క్ నుంచి తీసుకుంటుంది, కెమెరాకి ఎవరో ఒకరు పెట్టాలి. ఒక్కో ఫొటోకీ తేదీ దిద్దుతూ కూర్చోవద్దు. ఒకే క్షణంలో ఫోనుతోనూ కెమెరాతోనూ తీసిన ఫొటోలు రెండు పట్టుకోండి, రెండింటి సమయాల మధ్య తేడా చూడండి. తర్వాత కంప్యూటర్‌లో గూగుల్ ఫొటోస్ వెబ్‌సైట్ తెరిచి కెమెరా ఫొటోలన్నీ సెలెక్ట్ చేసి, తేదీ, సమయం మార్చే ఆప్షన్‌లో అన్నింటినీ అదే తేడాతో జరపొచ్చు. మీరు పంపిన వాటిలో ఆయన గవ్వ ఎత్తి చూపిస్తున్న ఫొటో రెండింట్లోనూ ఉంది చూడండి, దాన్నే కొలతగా పెట్టుకోండి.

ఆయన రెండో ప్రశ్న: "సాయంత్రం అద్దె స్కూటర్ మీద తెలియని దారుల్లో తిరిగాం, సిగ్నల్ పోయింది, అయినా మ్యాప్‌లో నీలం చుక్క కదులుతూనే ఉంది. నెట్ లేకుండా ఎలా?" నీలం చుక్క నెట్‌తో నడిచేది కాదండీ. జీపీఎస్ ఉపగ్రహాలు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తు నుంచి సంకేతాలు పంపుతూనే ఉంటాయి, ఫోను వాటిని వింటుంది, అంతే, తిరిగి ఏమీ పంపదు. నెట్ కావాల్సింది చుక్క కింద ఉండే బొమ్మకి. వెళ్లే ముందు వైఫై ఉన్నప్పుడు ఆ ప్రాంతం మ్యాప్‌ని ఆఫ్‌లైన్‌కి డౌన్‌లోడ్ చేసుకుంటే బండి మీద దారి కూడా చెబుతుంది, ట్రాఫిక్ మాత్రం చెప్పలేదు.

దీనికి ఆవిడ వెర్షన్ కూడా ఉంది, ఉండకపోతే ఆశ్చర్యం. "'లైవ్ లొకేషన్ షేర్ చేశాను, వచ్చేస్తా' అని చెప్పి ఈయన గవ్వలు ఏరడానికి వెళ్లారు. మ్యాప్‌లో గంటసేపు అదే చోట నిలబడినట్టు చూపించింది. నేను అక్కడికి నడిచి వెళ్తే లేరు. ఈయన తిరిగి నా దగ్గరికి వచ్చి, నేను లేనని కంగారుపడ్డారు." తన చోటు తనకి తెలియడానికి ఫోనుకి నెట్ అక్కర్లేదు కానీ, దాన్ని మీకు చెప్పడానికి కావాలి. సిగ్నల్ పోయిన క్షణంలో ఆయన ఎక్కడున్నారో అక్కడే మీ తెర మీద ఆగిపోయారు. అందుకే చుక్క పక్కన 'ఎంతసేపటి క్రితం' అని ఉంటుంది, ముందు అది చదవాలి. దీనికి సాఫ్ట్‌వేర్ మందు లేదు. తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో విడిపోయే ముందే అనుకోండి, పెద్ద చెట్టో లైఫ్‌గార్డ్ కుర్చీయో ఏదో ఒకటి.

మిగతావి గబగబా. ఎండలో తువ్వాలు మీద వదిలేస్తే ఫోను తెర నల్లబడి ఉష్ణోగ్రత హెచ్చరిక చూపించిందట, ఐఫోన్లకి ఆపిల్ చెప్పే వాడకపు హద్దు 35 డిగ్రీల దాకానే, ఎండలో ఇసుక అంతకన్నా ఎంతో వేడిగా ఉంటుంది. నీడలో పెట్టి వదిలేయండి, చల్లగా అవుతుందని ఐస్ బాక్సులో పెట్టారో లోపల నీటి బిందువులు పడతాయి. నల్ల కళ్లద్దాలు పెట్టుకుంటే తెర కనిపించట్లేదన్నది ఫోను జబ్బు కాదు, అద్దాలు పోలరైజ్డ్ అయి ఉంటాయి, అంటే ఒక దిశ వెలుగునే రానిస్తాయి, ఫోనుని అడ్డంగా తిప్పండి చాలు. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ గాజు కన్నా గట్టిది, కాబట్టి ఫోను కవర్ తీసి లోపలి ఇసుక దులపండి, కెమెరా అద్దాన్ని చొక్కాతో రుద్దే ముందు ఊదండి.

చివరిగా ఇద్దరూ అడిగిన ప్రశ్న ఒక్కటే ఉంది: వచ్చేసారికి వాటర్‌ప్రూఫ్ పౌచ్ కొనొచ్చా? కొనండి. నీళ్ల లోపల టచ్ పనిచేయదు, వేలికీ నీళ్లకీ తేడా తెరకి తెలియదు, కాబట్టి వీడియో ముందే ఆన్ చేసుకోవాలి, ఫొటోకి వాల్యూమ్ బటన్ నొక్కాలి. తేలే రకం తీసుకోండి, జారినా దొరుకుతుంది. బయల్దేరే ముందు రోజు ఫోను బదులు పౌచ్‌లో ఒక టిష్యూ కాగితం పెట్టి, మూత బిగించి, బకెట్ నీళ్లలో అరగంట బరువు పెట్టి ముంచండి. టిష్యూ పొడిగా వస్తే ఫోను పెట్టండి. అప్పుడు కూడా నడుము లోతు వద్దు సార్, మోకాలి దాకా చాలు.