ఒకే రూటర్ ఉదయం పాసై, మధ్యాహ్నం ఫెయిలవుతుంటే ఏం చేయాలి?

ప్రశ్న: చిత్తూరులో ఈసీఈ పూర్తిచేసి, రేణిగుంట వద్ద ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీ పరీక్షల విభాగంలో ట్రైనీగా చేరాను. ఈఎస్‌డీ పరీక్షలో, అంటే స్టాటిక్ విద్యుత్ షాక్‌ను పరికరం తట్టుకుంటుందో లేదో చూసే పరీక్షలో, అదే వై-ఫై రూటర్ ఉదయం పాసవుతోంది, మధ్యాహ్నం రీసెట్ అవుతోంది. కారణం చెప్పలేక మాట పడుతున్నాను. ఇంట్లోవాళ్లు సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరమంటున్నారు. మానేయమంటారా?

జవాబు: ఇప్పుడే మానవద్దు. ఆ షాక్ కొట్టే గన్ పట్టుకుని పాస్, ఫెయిల్ రాసేవారు కంపెనీలకు సులువుగానే దొరుకుతారు. ఫలితం ఎందుకు మారిందో తేల్చగలిగేవారు దొరకరు.

మీరు రాసినదానిలో ఉదయానికీ మధ్యాహ్నానికీ మధ్య ఏం మారిందన్నది లేదు. గాలి ద్వారా చేసే డిశ్చార్జిలో నిప్పురవ్వ తీరు తేమను బట్టీ, గన్ మొనను ఎంత వేగంగా దగ్గరికి తెచ్చారన్నదాన్ని బట్టీ మారుతుంది. ఈ పరీక్షకు వాడే అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61000-4-2, గాలి ద్వారా చేసే డిశ్చార్జికి తేమ 30 నుంచి 60 శాతం మధ్య ఉండాలంటుంది. తిరుపతి ఎండాకాలపు మధ్యాహ్నం వేరు, ముసురు పట్టిన కార్తీకం వేరు. కాబట్టి తేమ రాసుకుని, లోహభాగాలపై గన్ మొనను ఆనించి చేసే కాంటాక్ట్ డిశ్చార్జితో మొదలుపెట్టండి.

మీ రూటర్‌కు రెండు పిన్నుల అడాప్టరే ఉంటే, ఎర్త్ లేనందువల్ల ఒక షాట్‌తో చేరిన ఛార్జి అందులోనే నిలిచి, తరువాతి షాట్ల తీవ్రతను ఉద్దేశించినదానికంటే పెంచవచ్చు. అందుకే షాట్‌కూ షాట్‌కూ మధ్య, 470 కిలో ఓమ్‌ల రెసిస్టర్లున్న తీగతో ఆ ఛార్జిని తీసేయాలి. ఈ పని ఒక పూట చేసి, మరో పూట మరిస్తే ఫలితాలు కలవవు. 2 మీటర్ల పొడవుండే గన్ ఎర్త్ తీగ ఎలా పడి ఉందో కూడా చూడండి. అది రూటర్ కేబుళ్లకు ఆనుకుని ఉంటే డిశ్చార్జి వాటిలోకీ చొరబడుతుంది. పైగా ప్రమాణం అడిగే కనీస 10 షాట్లలో, రూటర్ మెమరీలో రాసుకుంటూ సులువుగా చెడే ఆ క్షణానికి ఒక్కటీ తగలకపోవచ్చు. కారణం వెతికేటప్పుడు 50 కొట్టినా తప్పులేదు.

అన్నిటికంటే ఉపయోగపడేది, ఎన్ని కిలోవోల్టుల వద్ద రీసెట్ అవుతుందో ముందే కొలిచిపెట్టుకున్న ఒక నమూనా రూటర్. రెండు పూటలా దాన్నీ పరీక్షించినప్పుడు దాని స్థాయి కూడా కదిలితే లోపం అమరికలో ఉన్నట్టు, కదలకపోతే పరీక్షకు వచ్చిన రూటర్‌లో ఉన్నట్టు అనుకోవచ్చు. ఒకసారికి ఒక్క అంశమే మార్చి, అమరిక ఫొటో తీసి, తేదీతో దాచుకోండి. పాస్, ఫెయిల్‌తో ఆగకుండా, ఏ స్థాయిలో చెడిందో రాయండి.

ఈ అలవాటుతో ఒక ఏడాది గడిస్తే చెన్నై, బెంగళూరు పరీక్షశాలల్లో, వాహన, వైద్య పరికరాల డిజైన్ విభాగాల్లో ఇంటర్వ్యూకు మీ రికార్డు పుస్తకమే మాట్లాడుతుంది. పరీక్షశాలల సామర్థ్యానికి ప్రమాణమైన ఐఎస్‌ఓ 17025 కింద గుర్తింపు పొందిన ల్యాబ్‌లు వెతికేది ఇలాంటి క్రమశిక్షణే. పైథాన్ నేర్చుకోవాలనుకుంటే తప్పకుండా నేర్చుకోండి. ఆ రికార్డును విశ్లేషించడానికి పనికొస్తుంది, ఇంట్లోవాళ్ల కోరికా కొంత తీరుతుంది. వచ్చే సోమవారం నమూనా రూటర్ పక్కన పెట్టుకోవడానికి మీ సీనియర్‌ను అనుమతి అడగండి.