ఎముక అతకకముందే జీను కడుతున్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

అక్క ఫోన్ చేసింది. గుర్రం మీద నుంచి పడి కాలర్ బోన్, అదే మెడ కింద భుజానికి పోయే ఎముక, విరిగితే కట్టిన భుజం పట్టీ నువ్వే విప్పి గూట్లో పడేశావట. డాక్టర్ మూడు నెలలు స్వారీ వద్దంటే, మాఘం మొదటి ముహూర్తానికే పెళ్లికొడుకు ఊరేగే బారాత్‌కు గుర్రం తెస్తానని బయానా తీసుకుని కూర్చున్నావట. నిన్ను బాగా తిట్టమన్నది. పాతికేళ్లు వచ్చినవాణ్ని తిడితే ఏం లాభం? ఫోన్లో చెప్తే "సరే మామా, సరే మామా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా. కూర్చుని చదువు.

"నొప్పి లేదు, చెయ్యి పైకి లేస్తోంది" అన్నావట. నొప్పి పోవడం వేరు, ఎముక అతకడం వేరు. కాలర్ బోన్ విరిగితే మొదటి రెండు మూడు వారాల్లో విరిగిన కొసల చుట్టూ మెత్తటి పదార్థం పేరుకుంటుంది. అది ఆ కొసలను కాస్త కదలకుండా పట్టుకోగానే నొప్పి సగానికి సగం తగ్గిపోతుంది. అది గట్టిపడి ఎముకగా మారడానికి పెద్దవాళ్లకు ఆరు నుంచి పన్నెండు వారాలు కావాలి. మునుపటి బలం రావాలంటే ఇంకొన్ని నెలలు. నువ్వు పడింది మార్గశిరం చివర్లో. పుష్యంలో ఎట్లాగూ పెళ్లిళ్లు లేవు కాబట్టి ఇంట్లో ఉన్నావు, అందులో నీ బుద్ధిమంతనం ఏమీ లేదు. మాఘం మొదటి ముహూర్తానికి ఐదు వారాలు కూడా నిండవు. ఇప్పుడు నువ్వు చేస్తానంటున్నది స్లాబ్ పోసిన నాలుగో రోజు సెంట్రింగ్ ఊడదీసినట్టు ఉంది.

ఇంకో సంగతి మీ డాక్టర్‌కు తప్పకుండా చెప్పు. నువ్వు పుట్టి పెరిగింది మర్రిగూడ దిక్కు. మిషన్ భగీరథ నీళ్లు వచ్చేదాకా మీ ఇంట్లో తాగింది బోరు నీళ్లే. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదంటారు, మన పక్క ఎన్నో బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు పెట్టారంటే మన జిల్లా పేరు దేనితో మోగిందో చూసుకో. ఫ్లోరైడ్ పట్టిన ఎముక ఎక్స్‌రేలో మామూలు కంటే తెల్లగా, దట్టంగా కనిపిస్తుంది గానీ పెళుసుగా ఉంటుంది. నీ పళ్ల మీద ఆ గోధుమ రంగు మచ్చలున్నాయి. అంతమాత్రాన ఎముకలు కూడా చెడిపోయాయని కాదు. కానీ ఎక్కడి నుంచో వచ్చిన డాక్టర్‌కు నువ్వు ఏ నీళ్లు తాగి పెరిగావో ఎట్లా తెలుస్తుంది?

ఇప్పుడు గుర్రం సంగతి. చేతిని ఒంటితో ఎముక ద్వారా కలిపేది ఆ ఒక్క కాలర్ బోనే, మిగతాదంతా కండ. నీకు విరిగింది ఎడమవైపు. ఎక్కేటప్పుడు ఏ చేత్తో పగ్గాలూ జూలూ కలిపి పట్టుకుంటాం? ఎడమ చేత్తోనే. ఎడమ కాలు రికాబులో, అదే జీను పక్కన వేలాడే మెట్టులో, పెట్టి ఒంటి బరువంతా పైకి లాగేటప్పుడు ఆ లాగుడు పోయేది సరిగ్గా విరిగినచోటికే. అంటే జీను మీద కూర్చోకముందే ఆ అతుకును ఒకసారి పరీక్ష పెడుతున్నావు.

"నా గుర్రం మంచిది, నడకే కదా" అంటావు. నాతో పాటు స్వారీ చేసే ఒకాయన మణికట్టు విరిగి, ప్లాస్టర్ తీసిన వారానికే అట్లాగే అని ఎక్కాడు. గుర్రం ముసలిది, పక్కన పటాకులు పేలినా చెవి కదపదు. మైదానంలో ఊరికే నిలబడి ఉంది. ముక్కు మీద ఈగ వాలిందో ఏమో, తల దించి ముక్కును ముందు కాలికి రుద్దుకుంది. పగ్గం ఆయన చేతిలోంచి సర్రున జారింది. అందుకోవడానికి ముందుకు వంగి ఆ చేతి మీదే బరువు వేశాడు. చెయ్యి నిలవలేదు. మెడ మీదుగా జారి ముందు కాళ్ల దగ్గర పడ్డాడు. గుర్రం బెదరలేదు, తన్నలేదు, ఒక్క అడుగు కూడా వేయలేదు, అందుకే బతికాడు. అదే పని నువ్వు కిందటేడు మాళేగావ్ జాతరలో కొన్న ఆ మార్వాడీ మగ గుర్రం మీద జరిగితే? చెవుల కొసలు ఒకదానికొకటి తగిలి అందంగానే ఉంటుంది, నేనూ మెచ్చుకున్నా. దానికి మాత్రం ఇంకా నిలబడడమే రాదు.

పడితే ఏమవుతుందో కూడా తెలుసుకో. కాలర్ బోన్ కింది నుంచే చేతికి వెళ్లే పెద్ద రక్తనాళాలు, నరాలు పోతాయి. అతకని ఎముక మళ్లీ విరిగితే కొసలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. అప్పుడు పట్టీతో పోయేది కాస్తా ప్లేటూ స్క్రూలూ అవుతుంది. నరం దెబ్బతింటే వేళ్లు పట్టు తప్పుతాయి. పగ్గం పట్టలేని చేత్తో మన వృత్తిలో ఏం చేస్తావు?

నువ్వు పంపిన ఆ వీడియో చూశాను. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియా రౌతు బిల్ రాయ్‌క్రాఫ్ట్, కాలర్ బోన్ విరిగి ఆస్పత్రిలో ఉండి, డాక్టర్లు వద్దంటున్నా లేచి వచ్చి మర్నాడు గుర్రాన్ని దూకించాడు, జట్టుకు బంగారు పతకం తెచ్చాడు. నిజమే, గొప్ప మనిషే. కానీ వీడియోలో చెప్పనిది నేను చెప్తా. జట్టులో నలుగురు ఉంటే ముగ్గురి మార్కులు లెక్క. నాలుగో ఆయన గుర్రం కుంటిదైంది. ఈయన రాకపోతే జట్టే లేదు. నలభై ఐదేళ్ల మనిషి, ఎన్నో ఏళ్ల స్వారీ, ఎక్కించడానికి చుట్టూ మనుషులు, ముందున్నది ఒక్కటంటే ఒక్క రౌండు. ఆయన ఎక్కింది ఒలింపిక్స్ కోసం. నీది చండూరులో బారాత్, ఆ పెళ్లికొడుకుకు ఇంకో గుర్రం దొరుకుతుంది. డెన్మార్క్ ఆవిడ లిస్ హార్టెల్ సంగతి కూడా ఎత్తావు, పోలియోతో మోకాళ్ల కింద చచ్చుబడినా 1952 ఒలింపిక్స్‌లో స్వారీలో వెండి పతకం గెలిచిందని. అల్లుడా, ఆమె కాళ్లు ఎట్లా ఉన్నాయో ఆమెకు తెలుసు, ఆమె గుర్రానికీ తెలుసు. ఆ ఒంటికి తగ్గట్టే ఏళ్ల తరబడి ఇద్దరూ నేర్చుకున్నారు. నీ భుజం ఇవ్వాళ ఒకలా ఉంటుంది, వచ్చే వారం ఇంకోలా ఉంటుంది. ఆమెతో నీకు పోలికే లేదు.

ఎముక కంటే నన్ను ఎక్కువ పరేషాన్ చేసింది గుర్రాలను చూసుకునే మీ సైసు చెప్పిన మాట. పడ్డాక కాసేపు నీకు తెలివి లేదట. లేచాక "గుర్రం ఏది, గుర్రం ఏది" అని అదే మాట నాలుగైదు సార్లు అడిగావట. ఇది డాక్టర్‌కు చెప్పావా? చెప్పి ఉండవు. మెదడు అదిరితే స్కాన్ మామూలుగానే రావచ్చు. తలనొప్పి, వెలుతురు చూడలేకపోవడం, డీజే చప్పుడుకు చిరాకు, నిద్ర తేడా, చేతిలో తాళం చెవి పెట్టుకుని వెతకడం, వీటిలో ఒక్కటి ఉన్నా లోపల ఇంకా సర్దుకోలేదన్నమాట. అది సర్దుకోకముందే తలకు రెండో దెబ్బ తగిలితే మెదడు ఒక్కసారిగా వాచే ప్రమాదముంది. అరుదే, కానీ ప్రాణం పోతుంది. ఎముక విషయంలో నీతో బేరం ఆడతాను గానీ దీని విషయంలో ఆడను. రేపే పోయి చెప్పు, సైసును వెంట తీసుకుపో, చూసింది వాడు కదా. నీ పాత హెల్మెట్ పారేయి. ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ లోపలి ఫోమ్ నలిగిపోతుంది, పైకి ఒక్క గీత లేకపోయినా అది మళ్లీ కాపాడదు.

బారాత్‌లో నువ్వు ఎక్కకుండా లగాం పట్టి నడుస్తా, అంతే అంటావేమో. ఇంకా అన్యాయం. జీను మీద ఉండేది అప్పటిదాకా గుర్రాన్ని దగ్గర నుంచి చూడని పెళ్లికొడుకు, వాడి ముందు ఒక చిన్న పిల్లవాడు. చుట్టూ మర్ఫా డప్పులు, పటాకులు, కాళ్ల మధ్య తిరిగే పిల్లలు. నాలుగు వందల కిలోల జంతువు తల ఎగరేస్తే రెండు చేతులున్నవాడికే చెమట పడుతుంది. నువ్వు ఒంటి చేత్తో ఆపలేకపోతే విరిగేది నీ ఎముక కాదు.

డాక్టర్ దగ్గరకు పోయినప్పుడు "ఎక్కొచ్చా, వద్దా" అని అడగకు. అట్లా అడిగితే ఎవరైనా వద్దనే అంటారు. ఆయన గుర్రం ఎక్కి ఉండడు, స్వారీ అంటే సినిమాలో దౌడే అనుకుంటాడు. నీ పని ఏమిటో విడమరిచి చెప్పు. దాణా బకెట్ మోయడం, మాలీష్, తాడుతో తిప్పడం, నెమ్మదైన ఆడ గుర్రం మీద నడక, ట్రాట్ అనే చిన్న పరుగు, కొత్త గుర్రాన్ని మలచడం, ఇవన్నీ వేర్వేరు. ఏది ఎప్పటి నుంచో విడివిడిగా అడుగు. ఎక్స్‌రేలో అతుకు కనబడిందా అని అడుగు. ఇవ్వాళ ఇదే భుజం మీద పడితే ఏమవుతుందని అడుగు. ఫిజియో దగ్గరకు రాసిమ్మను. ఆయన మాట నచ్చకపోతే హైదరాబాద్‌లో ఇంకో ఎముకల డాక్టర్‌కు చూపించు, తప్పు లేదు. నీకు కావాల్సిన మాట చెప్పేవాడు దొరికేదాకా తిరగడమే తప్పు. పుత్తూరు కట్టు బోర్డు చూసి ఎవరికో భుజం అప్పజెప్పి లాగించుకోకు, ఇందాక చెప్పిన నరాలు అక్కడే ఉన్నాయి. పాయా తాగు, గుడ్లు తిను, అత్త పంపిన రాగులు తిను, కానీ వాటితో ఆరు వారాలు మూడు కావు. బీడీ మాత్రం మానెయ్, పొగాకు ఎముక అతకడాన్ని ఆలస్యం చేస్తుంది.

ఇంత చెప్పినా దొంగతనంగా ఎక్కుతావని నాకు తెలుసు, నువ్వు మా అక్క కొడుకువి. డాక్టర్ ఎక్స్‌రే చూసి ఊ అన్నాక ఎట్లా మొదలుపెట్టాలో చెప్తా విను. ముందు నేల మీద చూసుకో. రెండు చేతులు సమానంగా తలపైకి లేవాలి, ఆ భుజం మీద పడుకోగలగాలి, నిండు బకెట్ తూలకుండా మోయాలి, గోడకు రెండు చేతులూ ఆనించి ఒంటి బరువును నెట్టగలగాలి. అరుగు మీద నుంచి దూకి నిలబడు. కదిలే గుర్రం మీద నుంచి ఒక్క క్షణంలో దిగలేనివాడు ఎక్కకూడదు. ఆ రోజు నొప్పి మాత్ర వేసుకోకు. నొప్పి తెలియకపోతే ఎక్కడ ఆగాలో తెలియదు, కొన్ని మాత్రలకు మగత కూడా వస్తుంది. కల్లు సంగతి చెప్పనక్కర్లేదు. ముసలి ఆడ గుర్రాన్నే తీసుకో, అరుగు పక్కన నిలబెట్టి ఎక్కు, సైసు లగాం దగ్గర ఉండాలి. కంచె లోపలే, నడకే. మర్నాడు పొద్దున లేచాక భుజం ఏమంటుందో విని అప్పుడు రెండో రోజు గురించి ఆలోచించు. భుజం కాపాడుకుంటూ ఒకవైపు ఒరిగి కూర్చుంటే గుర్రం నడుము కూడా పాడవుతుంది, ఎవరినైనా వెనక నిలబెట్టి నిటారుగా ఉన్నావో లేదో చూడమను. మగ గుర్రం మాత్రం మూడు నెలలు నిండాకే.

ఈ లోపు గుర్రాలను అగాడి పిచాడీ, అదే ముందూ వెనకా తాళ్లు, వేసి కట్టేసి ఉంచొద్దు. పని లేకుండా నిలబెట్టి ఉలవలు మాత్రం పూర్తిగా పెట్టి, ఒకరోజు హఠాత్తుగా పనిలో పెడితే నడుము, పిర్రల కండరాలు బిగుసుకుపోతాయి. చెమట కారుతుంది, అడుగు పడదు, మూత్రం కాఫీ రంగులో వస్తుంది. అట్లా అయితే నడిపించకుండా పశువుల డాక్టర్‌ను పిలువు. పని ఎంత తగ్గితే దాణా అంత తగ్గించి గడ్డి పెంచు. రోజూ పొద్దున, సాయంత్రం పొడవాటి తాడుతో రెండు వైపులా సమానంగా తిప్పించు.

బయానాల సంగతి నేను మాట్లాడా. మిర్యాలగూడలో మనవాళ్ల గుర్రం ఉంది, ముహూర్తాలన్నీ వాళ్లు చూస్తారు, వచ్చింది చెరి సగం. బయానా ఇచ్చిన పార్టీ నీదే, పోదు. మగ గుర్రాన్ని తిప్పడానికి ఇక్కడి నుంచి ఒక పిల్లగాణ్ని సోమవారం పంపిస్తున్నా. వాడి కూలి నాది, తిండి, పడక నీవి. రాగానే వాడికి ఆ గుర్రం ఎడమవైపు తంగు, అదే పొట్ట కింద జీను పట్టీ, బిగిస్తే కొరుకుతుందని చెప్పు.

మీ మామ