అమ్మను హైదరాబాద్ తీసుకుపోయే ముందు

ఒరేయ్ నాయనా,

మీ నాయన పోయాక ఇప్పుడు అమ్మను వచ్చే వారమే హైదరాబాద్ తీసుకుపోతున్నావంట, తిరుపతి ఇల్లు అద్దెకిస్తున్నావంట. మీ అక్క చెప్పింది, తనకూ పక్కింటివాళ్లు చెబితేనే తెలిసిందంట. "అమ్మను నేనే చూసుకుంటా" అన్నావని విని, నా స్నేహితుడు కొడుకును బాగానే పెంచాడనుకున్నా. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

కాగితాల సంగతి నీకు తెలిసిందే, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు, అమ్మ ఫ్యామిలీ పెన్షన్‌కు అప్లై చెయ్. మీ నాయన సొంత సంపాదనతో కట్టిన ఇల్లది. వీలునామా రాయలేదు, మీ అవ్వా ముందే పోయింది, కాబట్టి 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకూ నీకూ అక్కకూ సమాన భాగం. అక్కను అడక్కుండా అద్దెకెలా ఇస్తావురా?

నా టెన్షన్ వేరే. మా నాయన పోయినప్పుడు మా అన్న ఇట్లే చేశాడు. నెల మాసికం కాగానే చిత్తూరు ఇల్లు అద్దెకిచ్చి అమ్మను బొంబాయి తీసుకుపోయాడు. ప్రేమతోనే, అందులో అనుమానం లేదు. ఏసీ గది ఇచ్చాడు, మంచి డాక్టరుకు చూపించాడు, అమ్మ ఏడుస్తుందని ఇంట్లో ఎవరూ నాయన మాటెత్తకూడదన్నాడు. ఆ బిల్డింగులో నాయనను చూసినవాళ్లు ఎవరున్నారు? చిత్తూరులో అయితే కూరగాయలామె కూడా "అయ్యగారు బేరం చేస్తే నాకు మిగిలేది గంపే" అని నవ్వించేది. అమ్మ పనిమనిషికి తెలుగులోనే ఆయన కబుర్లు చెప్పేదంట, ఆ పిల్లకు మరాఠీ తప్ప ఏమీ రాదు. ఏడాది తిరక్కుండా తిరిగొస్తానని పట్టుబడితే ఇంట్లో అద్దెవాళ్లున్నారు, పెరట్లో మునగచెట్టు కొట్టేశారు. అన్నను తిట్టడానికి కూడా మనసొప్పలేదు.

మీ నాయన గురించి మాట్లాడేవాళ్లంతా తిరుపతిలోనే ఉన్నారు. గంగ జాతరలో మొదటిరోజు బైరాగి వేషమని ఒళ్లంతా నామకొమ్ము, అదే నామాలు పెట్టుకునే తెల్లసుద్ద, పూసుకుని, జాతరలో బూతులు తిడితే తప్పు లేదన్న ధైర్యంతో మా లెక్కల మేస్టారి ఇంటి ముందే మొదలుపెట్టాడు వాడు. మేస్టారు బయటికొస్తే నన్ను ముందుకు నెట్టి పరుగు. ఆ సంగతి మీ అమ్మ ఇప్పటికీ నాచేత చెప్పించుకుంటుంది, ప్రతిసారీ మేస్టారి పెళ్లాం ఏమనిందని అడుగుతుంది. హైదరాబాదులో ఎవరినడుగుతుంది?

అసలు ఆమెను అడిగావా? వస్తానంటే సంతోషంగా తీసుకుపో, నేనెవర్ని వద్దనడానికి. కానీ ముందు కొన్నాళ్లు వచ్చి చూసినట్టు వెళ్లనీ, ఇల్లు సంవత్సరీకం దాకా ఖాళీగానే ఉండనీ. అద్దె డబ్బులు లేకపోతే ఈఎంఐ కట్టలేనంటే సిగ్గుపడకుండా నాకు చెప్పు. మీ ఇంట్లో మాత్రం నాయన పేరెత్తండి, పిల్లలచేత కూడా అడిగించు. ఏడిస్తే ఏడవనీ.

మే నెలలో జాతరకు పిల్లల్ని తీసుకురా. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు, నీలాగా చివర్లో చూస్తే పద్మావతిలో బెర్త్ దొరకదు. అక్కకు ఈరోజే ఫోన్ చెయ్, తిడితే పడు.

మీ పెదనాయన